విరిగిన తెలుగును చొక్కా మీద వేసేయమనేవారికి

అయ్యా, అమ్మా,

పేరు పెట్టి పిలవడం లేదు, మీరు ఒక్కరు కారు కాబట్టి. ఓసారి హెచ్ఆర్ విభాగం నుంచి వస్తారు, ఓసారి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగా వస్తారు, వినాయక చవితి ముందు మండపం కుర్రాళ్ల తరఫున వస్తారు. మనుషులు మారినా తంతు మారదు. పొద్దుపోయాక వాట్సాప్‌లో ఒక బొమ్మ దిగుతుంది. కింద ‘200 పీసులు, ఎల్లుండికి కావాలి, డిజైన్ రెడీ’ అని ఉంటుంది. తెరిచి చూస్తే అందులో తెలుగు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఫోన్ చేసి చెబుతాం. ‘ఏం ఫర్వాలేదు, వేసేయండి. ఎవరు చదువుతారులెండి!’ అంటారు.

ఆ ఒక్క మాటకు జవాబుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో మీకు వినే తీరిక ఉండదు, మాకు గట్టిగా చెప్పే చనువు ఉండదు. అందుకే నలుగురూ చదివేలా రాయాల్సివచ్చింది.

నేను కొండాపూర్‌లో ఆర్ట్‌వర్క్ పని చేస్తాను. మీరు పంపిన ఫైలును కోరల్‌డ్రాలో తెరిచి, కొలతకు తెచ్చి, రంగులు విడదీసి, ఫిల్మ్ తీసే దాకా నా చేతిలో ఉంటుంది. ఆ తరవాత స్క్రీన్ మీదికో, డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) మిషన్ మీదికో, ఎంబ్రాయిడరీకో వెళ్తుంది. బొటానికల్ గార్డెన్‌కూ హఫీజ్‌పేటకూ మధ్య ఇన్ని ఆఫీసులూ, ఇన్ని గేటెడ్ కమ్యూనిటీలూ ఉన్నచోట టీషర్టుకు సీజన్ అంటూ ఉండదు. ఆగస్టులో మారథాన్ టీములు, తరవాత మండపాలు, ఆ వెంటనే బతుకమ్మ, దసరా, డిసెంబరులో టీమ్ ఔటింగులు, జనవరిలో సంక్రాంతి ముగ్గుల పోటీలు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల మెడలో ట్యాగు ఎంత మామూలో, ఒంటి మీద కంపెనీ చొక్కా అంత మామూలు. పని ఉన్నందుకు సంతోషమే. నా బాధ పని గురించి కాదు, దాని మీద మీరు వేయించే అక్షరాల గురించి.

మొన్న సంక్రాంతికి వచ్చిన ఒక ఫైలు సంగతి చెబుతాను. నేవీ బ్లూ రౌండ్ నెక్, ఛాతీ మీద పసుపు రంగులో పెద్దక్షరాలు: ‘సంక్‌రాంతి శుభాకాంక్‌షలు’. క మీద పొల్లు నిలబడింది. దాని కింద వంపు తిరిగి ఒదగాల్సిన క్రావడి పక్కకొచ్చి మామూలు ‘ర’గా కూర్చుంది. రెండో మాటలో క్ష రెండు చెక్కలైంది. అక్షరాలకు బంగారపు మెరుపులు, చుట్టూ గాలిపటాలు, కింద చెరకు గడలు. బొమ్మకు పెట్టిన శ్రద్ధలో వెయ్యోవంతు మాటకు పెట్టలేదు. పండగ పేరే విరిగిన చొక్కా వేసుకుని ఆఫీసులో అందరూ ఫొటో దిగాలని మీ ఏర్పాటు.

టైప్ చేసినవారిని నేను తప్పుపట్టను. చాలాసార్లు టైపింగ్ సరిగ్గానే ఉంటుంది. కంప్యూటర్‌లో ‘క్రా’ ఒక ముక్కగా ఉండదు. క, పొల్లు, ర, ఆకారం అని నాలుగు గుర్తులు వరసగా ఉంటాయి. కంప్యూటర్ల ఉమ్మడి అక్షర సంకేతాల పట్టిక యూనికోడ్‌లో తెలుగుకు 1991లో మొదటి వెర్షన్ నుంచే చోటుంది, పద్ధతి అదే. ఆ నాలుగింటినీ కలిపి ఒక అక్షరంగా మలిచే పని సాఫ్ట్‌వేర్‌ది. మీ ఫోన్ ఆ పని చేస్తుంది, వాట్సాప్‌లో అక్షరం ముచ్చటగా కనిపిస్తుంది. అదే మాటను కాపీ చేసి ఫొటోషాప్‌లో అతికిస్తే, అక్కడ ఇంగ్లిషు కోసం పెట్టిన అమరిక నడుస్తుంటే, నాలుగు గుర్తులూ ఎవరి దారి వారివి. టైప్ సెట్టింగుల్లోకి వెళ్లి వరల్డ్ రెడీ అమరికకు మార్చాలి. ఇల్లస్ట్రేటర్‌లో అయితే ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్ పెట్టాలి. రెండు నిమిషాల పని. పాత కోరల్ వెర్షన్లలోనూ, ఫోన్లో దొరికే చాలా పోస్టర్ యాప్‌లలోనూ ఇదే గొడవ.

తెలుగును సరిగ్గా మలచడం పెద్ద కంపెనీలకే ఓసారి తల బొప్పి కట్టించింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌కు ‘జ్ఞా’ అనే అక్షరం మెసేజ్‌గా వస్తే మెసేజ్‌ల యాప్ కుప్పకూలేది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక గుర్తు, ఆకారం. ఈ వరసను అప్పటి ఐఓఎస్ తట్టుకోలేకపోయింది. యాపిల్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. అంత పెద్ద సంస్థ పొరపడిన చోట మీ డిజైనర్ పొరపడటంలో వింత లేదు. పొరపాటు ఉందని చెప్పాక కూడా అలాగే వేయమనడమే నాకు మింగుడుపడనిది.

ఇంకో రకం ఫైళ్లు పాత డీటీపీ సెంటర్ల నుంచి వస్తాయి. అనూ ఫాంట్లలో కొట్టినవి. పెళ్లి కార్డులూ కరపత్రాలూ పుస్తకాలూ ఏళ్ల తరబడి వాటితోనే నడిచాయి, ఆ అక్షరాల అందం మీద నాకు గౌరవం ఉంది. కానీ అవి యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకారాలు తొడిగిన ఫాంట్లవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే కామాలూ, కొక్కేలూ, అర్థంలేని ఇంగ్లిషు ముక్కలూ ప్రత్యక్షమవుతాయి. అందుకే ‘కర్వ్స్ చేసి పంపండి’ అని మొత్తుకుంటాం. కర్వ్స్ చేస్తే అక్షరం అక్షరంగా కాక గీతగా మారిపోతుంది, ఏ మిషన్‌లో తెరిచినా ఒకేలా ఉంటుంది. ఆ తరవాత దాన్ని దిద్దడం మాత్రం కుదరదు. కాబట్టి కర్వ్స్ చేయకముందే చదవాలి. విరిగిన తెలుగును అలాగే కర్వ్స్ చేసి పంపితే వత్తులు గీసి అతికించుకుంటూ కూర్చోవాలి నేను. కూర్చున్నాను కూడా, చాలా రాత్రులు. ఇకముందూ కూర్చుంటాను, మీరు చదివి పంపిన ఫైలైతే.

ఇప్పుడు ‘ఎవరు చదువుతారు’ అన్న దగ్గరికి వద్దాం.

ఒక గేటెడ్ కమ్యూనిటీ వారు హౌస్‌కీపింగ్ సిబ్బందికి టీషర్టులు చేయించారు. వీపు మీద ఒకే మాట, ‘స్వచ్ఛత’. ఫైలులో అది ‘స్‌వచ్‌ఛత’గా వచ్చింది. చెప్పాం. మీరనే మాటే వాళ్లూ అన్నారు. శాంపిల్ పీసు మాత్రం చూసి వెళ్తామని సైజుల కోసం సిబ్బందిలో ఇద్దరిని తీసుకొచ్చారు. అందులో ఒక పెద్దామె చొక్కా తిప్పి పట్టుకుని వేలు పెట్టి చదివింది. ‘స... వ... చ... ఇదేంది సార్, ఏం రాసిండ్రు దీని మీద?’ అని అడిగింది. ఆ గదిలో ఆ మాటను చదవడానికి ప్రయత్నించింది ఆమె ఒక్కతే. వేసుకునేదీ ఆమే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెట్లు తుడుస్తూ ఆ మాటను వీపున మోసేదీ ఆమే. సెక్రటరీ గారు ఫోన్ చూసుకుంటూ ‘ఏదో క్లీన్ అని అమ్మా’ అన్నారు. ఆమె ఇంకేమీ అనలేదు. చొక్కా మడిచి బల్ల మీద పెట్టింది.

మేం మాట సరిచేసి, కొత్త ఫిల్మ్ తీసి, బల్క్ వేశాం. దానికి అదనంగా ఒక్క రూపాయి అడగలేదు. ఆ చొక్కాలు ఇప్పటికీ మా రోడ్డు మీద కనిపిస్తుంటాయి, ఉతికి ఉతికి రంగు వెలిసినా అక్షరం నిలబడే ఉంది.

చదివేది ఎవరంటే, వాళ్లు. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న చదువుతాడు. క్యాబ్ నడిపే తమ్ముడు సిగ్నల్ దగ్గర ముందున్న బైకతని వీపు మీద రాసింది చదువుతాడు. మీ క్యాంటీన్‌లో వడ్డించే అక్క చదువుతుంది. మీ చొక్కా అక్కడితో కూడా ఆగదు. టీమ్ ఔటింగ్ అయిపోయాక ఆర్నెల్లు రాత్రిపూట తొడుక్కుంటారు, ఆ తరవాత పండక్కి ఊరెళ్తూ బ్యాగులో పెడతారు. నల్గొండలోనో, కరీంనగర్‌లోనో, ప్రకాశం జిల్లాలోనో ఏ ఊరి పొలం గట్టు మీదకెళ్లినా చూడండి, సాఫ్ట్‌వేర్ కంపెనీ టీషర్టు వేసుకున్న ఓ నాన్న కనిపిస్తాడు. కొడుకు ఇచ్చిందని, బట్ట గట్టిదని, ఏళ్ల తరబడి వాడతాడు. దాని మీద ఇంగ్లిషు స్లోగన్ ఆయనకు అక్కర్లేదు. తెలుగు ముక్క ఉంటే మాత్రం చదువుతాడు. చదివి, తన పిల్లాడు పనిచేసే చోట తెలుగును ఇలా రాస్తారా అనుకుంటాడు. ఆయన్ను ‘ఎవరు’ అనే లెక్కలో పడేయడం నాకు మనసొప్పదు.

ఇంత దూరం తప్పు ఎలా దొర్లుకుంటూ వస్తుందో కూడా చూడండి. డిజైన్ చేసినవారు పుణెలోనో బెంగళూరులోనో ఉంటారు, తెలుగు రాదు. ఆమోదం తెలిపే మీరు ఇంగ్లిషు మీడియంలో చదివి ఉంటారు, చూసీ చూడనట్టు స్క్రోల్ చేస్తారు. మా దగ్గర హీట్ ప్రెస్ మీద నిలబడే కుర్రాడు ఒడిశా నుంచి వచ్చాడు. పనిలో దిట్ట. కాలర్‌కు మూడంగుళాల కింద గీత గీసినట్టు పెడతాడు. కానీ అతనికి తెలుగు అక్షరం ఒక బొమ్మ మాత్రమే. తిరగబడి వచ్చినా, వత్తు రాలిపోయినా అతని కంటికి ఆనదు. రేపు చొక్కాలు పంచాక ఎవరో గుర్తుపట్టి గొడవ చేస్తే, నింద మాత్రం చివరి మెట్టు మీద నిలబడ్డ అతని మీద పడుతుంది. ‘మీ ప్రింటర్ తప్పు వేశాడు’ అంటారు. ఇది అన్యాయం. ఫైలులో ఏముంటే అదే బట్ట మీద పడుతుంది.

పడ్డాక తీయడానికి లేదు. ప్లాస్టిసాల్ రంగు సుమారు 160 డిగ్రీల వేడికి గడ్డకట్టి దారంలో నాటుకుపోతుంది. తిరుప్పూరు నుంచి తెప్పించిన 200 చొక్కాలు అంతే సంగతి. ఆ చొక్కాలకు పత్తి పండించినవారి దగ్గర నుంచి కుట్టినవారి దాకా ఎందరి చెమటో ఉంది. ఒక్క వత్తు చూసుకోనందుకు అవన్నీ మూలపడటం నేను కళ్లారా చూశాను.

పాత పద్ధతుల్లో ఈ జాగ్రత్త దానంతటదే ఉండేది. కృష్ణా జిల్లా పెడనలో మచిలీపట్నం కలంకారీకి అచ్చులు చెక్కేవారి పని చూస్తే తెలుస్తుంది. రంగుకో అచ్చు. గీతకు ఒకటి, నింపడానికి వేరొకటి. కరక్కాయలో నానబెట్టిన గుడ్డ మీద బెల్లమూ ఇనుపముక్కలూ పులియబెట్టి తీసిన నలుపుతో ముందు గీత పడుతుంది, ఎరుపు రావాల్సిన చోట పటిక పడుతుంది. టేకు చెక్క మీద ఆకృతిని అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి, ఒక అచ్చు మీద ఇంకో అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. ఉలి జారితే చెరిపేయడానికి లేదు. అందుకే చెక్కేముందే కాగితం మీద పదిమార్లు చూసుకుంటారు. నేను కంప్యూటర్‌లో రంగులు విడదీసి ఒక్కో రంగుకు ఒక్కో ఫిల్మ్ తీసేది కూడా అదే విద్య. నాలుగు రంగుల డిజైన్ అంటే నాలుగు స్క్రీన్లు. నేవీ బ్లూ లాంటి ముదురు బట్టయితే కింద తెల్లపొర కోసం ఐదోది. ఆ తెల్లపొరను పై రంగు కంటే కాస్త లోపలికి తగ్గించాలి, లేకపోతే అంచుల్లో తెల్లగా తొంగిచూస్తుంది. కంప్యూటర్‌లో చెరిపి రాయడం తేలికైంది కదా అని చూసుకోవడం మానేశాం. తేలికైనందుకు ఇంకా బాగా చూసుకోవచ్చు.

తెలుగు అక్షరానికి బట్ట మీద ఇంకో ఇబ్బంది ఉంది, అది మీరు తప్పక తెలుసుకోవాలి. ఇంగ్లిషు అక్షరాలు చాలావరకు ఒక గీత మీద నిలబడతాయి. మనవి పైకీ కిందికీ పెరుగుతాయి. గుడి పైన, వత్తు కింద, దాని కింద ఇంకో వత్తు. ‘రాష్ట్రం’ అన్న ఒక్క మాటకు ఎంత ఎత్తు కావాలో చూడండి. జేబు దగ్గర మూడున్నర అంగుళాల లోగోలో ఇంగ్లిషు పేరు కింద తెలుగు పేరు ఇరికించమంటారు. అంత చిన్నగా తగ్గిస్తే గీతలు సన్నబడతాయి, బట్టలో రంగు ఒలికి కొంచెం పాకుతుంది, సందులు పూడుకుపోతాయి. ‘థ’ కడుపులో చుక్క ఉంటుంది, ‘ధ’లో ఉండదు. ఆ చుక్క చుట్టూ ఉన్న తెలుపు మూసుకుంటే ‘కథ’ వెళ్లి ‘కధ’ అయిపోతుంది. ‘ధ’ కింద చిన్న గీత చెదిరితే ‘ద’ మిగులుతుంది. ‘ధనం’ అని పంపితే ‘దనం’ చేతికొస్తుంది. స్క్రీన్ మీద జూమ్ చేసి చూసినప్పుడు ఇవేవీ కనిపించవు. అదే కొలతలో కాగితం మీద ప్రింట్ తీసి, చేయిచాచి పట్టుకుని చూడండి. కనిపించని చుక్క బట్ట మీద అస్సలు కనిపించదు. ఎంబ్రాయిడరీ అయితే మరీ కష్టం. అయిదు మిల్లీమీటర్లకు తక్కువ ఎత్తున్న అక్షరాన్ని దారం పలికించలేదు, అందులో వత్తు సంగతి అడగనే వద్దు. అలాంటప్పుడు తెలుగు పేరును లోగో కింద ఇరికించకండి. వీపు మీదికి మార్చండి, అక్కడ కావలసినంత చోటుంది.

ఫాంటు కూడా చూసి ఎంచుకోవాలి. కంప్యూటర్‌తో పాటు వచ్చిన గౌతమి పుస్తకానికి సరే, చొక్కాకు సన్నం. ఇప్పుడు మంచి తెలుగు ఫాంట్లకు కరువు లేదు, డబ్బులూ కట్టక్కర్లేదు. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర అందరికీ ఉచితంగా ఇచ్చిన వరసలో రామభద్ర ఉంది, మండలి ఉంది, ఎన్టీఆర్ ఉంది, మల్లన్న, ధూర్జటి, సూరన్న, గురజాడ, గిడుగు పేర్లతో ఫాంట్లున్నాయి. రామభద్ర లావుగా, నిండుగా ఉంటుంది, దూరం నుంచి చదవొచ్చు, రంగు పాకినా తట్టుకుంటుంది. ఏక్ టైప్ వారి బాలూ తమ్ముడు గుండ్రంగా, బొద్దుగా ఉండి పిల్లల చొక్కాలకు ముద్దుగా కుదురుతుంది. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. మన కవుల, పెద్దల పేర్లు పెట్టుకున్న ఇంత మంచి అక్షరాలు చేతికందుతుండగా విరిగిన ముక్కలు వేయించడం చూస్తే నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

బొమ్మల విషయంలో తక్కువ చెబుతాను, ఎందుకంటే అది మీరు నేర్చుకోవడం తేలిక. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, మామూలుగా పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. 2023లో హెచ్‌డీ ఆప్షన్ వచ్చింది, అదీ అసలు ఫైలుకు సాటి కాదు. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్ చేయండి. ఛాతీ మీద 11 అంగుళాల వెడల్పు బొమ్మ శుభ్రంగా రావాలంటే అంగుళానికి 300 చొప్పున 3300 పిక్సెళ్లు కావాలి. కంపెనీ వెబ్‌సైట్ మూల నుంచి తీసిన 400 పిక్సెళ్ల లోగోను అంత సాగదీస్తే అంగుళానికి 36 వస్తాయి. అంచులన్నీ మెట్లు మెట్లుగా ఉంటాయి. ఆ జేపీజీనే పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపితే పేరు మారుతుంది గానీ బొమ్మ మారదు. మీ కంపెనీ బ్రాండింగ్ టీమ్ దగ్గర ఏఐ, ఈపీఎస్, ఎస్‌వీజీ, ఏదో ఒక వెక్టర్ ఫైలు తప్పకుండా ఉంటుంది. ఒక్క మెయిల్ పెట్టి అడగండి. దాన్ని అంగుళానికి కుదించినా, బ్యానరంత పెంచినా చెక్కుచెదరదు.

స్క్రీన్‌షాట్లు అసలే వద్దు. వెనక ఖాళీ ఉందని చూపించే బూడిద, తెలుపు గళ్లు కూడా బొమ్మలో భాగమై వస్తాయి, చూసుకోకపోతే చొక్కా మీద గళ్లే పడతాయి. అక్షరం చుట్టూ పెట్టే మెత్తటి మెరుపులు, నీడలు డీటీఎఫ్‌లో నప్పవు. సగం కనిపించీ కనిపించని పిక్సెల్ కింద కూడా మిషన్ తెల్లరంగు పోస్తుంది కాబట్టి అంచు పొడలు పొడలుగా తేలుతుంది. మారథాన్ కోసం డ్రైఫిట్ చేయించేవారు సబ్లిమేషన్ కావాలంటే లేత రంగు పాలిస్టర్ ఎంచుకోండి; ఆ రంగు నూలు బట్టకు పట్టదు, అందులో తెల్ల ఇంకు లేదు, కాబట్టి ముదురు బట్ట మీద కనిపించదు. ఫోన్లో మెరిసే నీలం బట్ట మీద అంత మెరవదని ముందే మనసుకు చెప్పుకోండి. రంగు కచ్చితంగా అదే కావాలంటే పాంటోన్ నంబరు ఇవ్వండి. హీరోల ఫొటోలు గూగుల్ నుంచి దించి పంపేవారికి ఒక్క మాట: ఆ ఫొటో తీసినవారికి హక్కులుంటాయి, 1957 కాపీరైట్ చట్టం చొక్కాకూ వర్తిస్తుంది. ఊళ్లో బొమ్మలు గీసే కుర్రాళ్లున్నారు, వారికి నాలుగు డబ్బులిచ్చి గీయించుకోండి. నలుగురూ ఆగి చూస్తారు, మాకూ వేస్తున్నప్పుడు సంతోషంగా ఉంటుంది.

తొందర గురించి కూడా చెప్పాలి. ఈవెంట్ తేదీ మీకు నెలముందే తెలుసు. హాల్ బుక్ చేస్తారు, భోజనాల మెనూ మూడుసార్లు మారుస్తారు, టీషర్టు మాత్రం చివరిరోజు గుర్తొస్తుంది. తొందరలో మొదట ఎగిరిపోయేది శాంపిల్ పీసు. శాంపిల్ తీయకుండా బల్క్ వేయమన్న ప్రతిసారీ నాకు చేతులాడవు. ఫిల్మ్ తీయడం, స్క్రీన్ కోటింగ్, ఎక్స్‌పోజింగ్, ఆరబెట్టడం, ఒక పీసు లాగి చూడటం, వీటికి పట్టే టైము పడుతుంది. అర్ధరాత్రి మేలుకుని చేయగలం. మేలుకున్న కన్ను మాత్రం తప్పును అంత తొందరగా పట్టదు. కనీసం వారం ముందు ఫైలు చేతికివ్వండి, అందులో ఒకరోజు చదవడానికే కేటాయించండి.

చదవడం ఎవరితో చేయించాలి అని అడుగుతారు. మీ ఆఫీసులోనే ఉన్నారు. సెక్యూరిటీ క్యాబిన్‌లో రాత్రి డ్యూటీ చేసే పెద్దాయన న్యూస్ పేపర్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతాడు. మీ డ్రైవర్ చదువుతాడు. మీ అమ్మగారికి వాట్సాప్‌లో పంపితే అయిదు నిమిషాల్లో ఫోన్ చేసి ‘ఇదేం రాతరా’ అంటారు. ఆ మాట చొక్కాలు పడకముందే వినడం ఎంతో మేలు. వారికి చూపించేటప్పుడు చిన్న తెర మీద కాకుండా ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి ఇవ్వండి. ‘బాగుందా?’ అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. ‘పైకి చదవండి’ అని అడగండి. నాలుక ఆగిన చోట తప్పుంటుంది.

నాకు మీమీద కోపం లేదు. చొక్కా మీద తెలుగు వేయించాలని మీకు తోచింది, అదే ముందు సంతోషం. ఇంతమంది ఇన్ని రాష్ట్రాల నుంచి వచ్చి పనిచేసే కొండాపూర్‌లో ఆ ఆలోచన రావడం చిన్న విషయం కాదు. ఇంగ్లిషులో ఒక్క స్పెల్లింగ్ తప్పు పోతే మీరే బల్క్ ఆపించి మళ్లీ చేయిస్తారు, చాలాసార్లు చూశాను. అదే పట్టింపు తెలుగుకూ చూపించమంటున్నాను.

బతుకమ్మ ఆర్డర్లు రావడం మొదలైంది. ఇకమీదట ఫైలుతో పాటు తెలుగు వాక్యాలను విడిగా టైప్ చేసి మెయిల్‌లో పెట్టండి, రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటాను. ప్రూఫ్ తిరిగి పంపేటప్పుడు దాన్ని పైకి చదివిన మనిషి పేరు కింద రాయండి. సెక్యూరిటీ అన్న పేరైనా సరే, వంటక్క పేరైనా సరే. ఆ పేరు లేని ఫైలుకు ఫిల్మ్ తీయను.

ఇట్లు,
కొండాపూర్‌లో ఆర్ట్‌వర్క్ చేసే మనిషి